బరకం కింద టైర్లు

గాజువాక,
జూలై.

తమ్ముడూ అశోక్,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. పోస్టాఫీసు కౌంటర్లో కూచుని రోజంతా ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలకి ముద్రలేసేదాన్ని, నేనూ ఒకటి రాసుకుంటే తప్పేముంది? ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నువ్వు షెడ్డులో ఉంటే చేతులకి గ్రీజని స్పీకర్ పెట్టేస్తావు, చుట్టూ ఉన్నవాళ్ళంతా వింటారు. నేను ఇంట్లో ఉంటే మీ బావ పక్కనే ఉంటారు. ఈ సంగతి ఆయన చెవిన పడకూడదు.

నవంబరులో మద్రాసు ట్రాక్ మీద మీ కారు రేసు ఉంది కదా. ఆ నెలంతా అక్కడ వానలే. అందుకని మీ బావ ఈసారి వాన టైర్లు కొంటానంటున్నారు. స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చి, అన్నం కంచం ముందు పెట్టుకుని ఫోనులో ఆ టైర్ల బొమ్మలు చూస్తూ కూచుంటారు. పాప ఒళ్ళోకి వస్తే దానికీ చూపిస్తారు. వాటిని వెతికే పని నీకు అప్పజెప్పారని తెలిసింది. నా కోరిక ఒక్కటే. దొరకలేదని చెప్పు.

పెళ్ళాలందరికీ రేసులంటే భయమేనని నవ్వుతావు. ఎండలో పరిగెత్తించినన్నాళ్ళు నేనేమైనా అన్నానా? పోయిన ఏడాది పులిహోర కట్టి మరీ రైలెక్కించాను. వానే నా భయం. ఎందుకో మళ్ళీ రాస్తాను. నీ జవాబు ఇంటికి కాదు, మా ఆఫీసుకి రాయి.

అక్క
హిమబిందు

*

శ్రీపెరంబుదూర్,
జూలై.

అక్కా,

నీ పెళ్ళయ్యాక నువ్వు నాకు రాసిన మొదటి ఉత్తరం ఇది. అదీ అబద్ధమాడమని. బాగుంది.

అడిగేముందు అదేమిటో తెలుసుకో. ఎండలో మేం వాడే రేసు టైరు దాదాపు బోడిగుండు. వేడెక్కితే రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది. నీళ్ళు నిలిస్తే మాత్రం దాని పని అయిపోయినట్టే. కారు నీటి మీద తేలిపోతుంది. స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా దానికి పట్టదు. వాన టైరు వేరు. మెత్తటి రబ్బరు, లోతైన గాట్లు. నీళ్ళు ఆ గాట్లలోంచి పక్కకి పోయి రబ్బరు నేలని తాకుతుంది. అయితే అదే టైరు ఆరిన రోడ్డు మీద వేస్తే కొద్ది రౌండ్లకే కాలిపోయి ముక్కలుగా రాలుతుంది. అందుకే ఏది వెయ్యాలన్నది ప్రతిసారీ ఆకాశంతో పందెం. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అని పెద్దలు ఊరికే అనలేదు.

రెండు సెట్లు చూశాను. ఒకటి కోయంబత్తూరులో ఒకాయన దగ్గర ఉంది. గాట్లు చూస్తే కొత్త పెళ్ళికూతురిలా ఉన్నాయి. పక్కన అచ్చేసిన తారీఖు చూస్తే ఎనిమిదేళ్ళ కిందటిది. గోరు గుచ్చితే దిగలేదు. గట్టిపడిపోయిన వాన టైరుని నమ్మడం కంటే లేకపోవడమే నయం. రెండోది కొత్త సెట్టు, పై దేశం నుంచి రావాలి. అదే ఆర్డరు పెడుతున్నాను.

మీ పక్కింటి పుష్పకుమారి గారి అబ్బాయి కెన్నీ ఈ ఏడు వాన టైర్లు వద్దన్నాడు. వాడికి ఈ పిచ్చి అంటించింది బావే కదా, ఇప్పుడు వాడి కారూ నా షెడ్డులోనే పడి ఉంది. రెండూ ఒకే మోడలు, ఒకే సైజు చక్రాలు.

మా చిన్న రేసుల్లో ఎవరి టైరు వాళ్ళ ఇష్టం, అడిగేవాడు ఉండడు. వాన టైర్లు లేవని బావ ఆగుతాడనుకున్నావా? బోడి టైర్లతోనే దిగుతాడు. నువ్వు అడిగింది చేస్తే ఆయన చేతిలో గొడుగు లాక్కుని వానలోకి తోసినట్టే. నావల్ల కాదు.

అశోక్

*

గాజువాక,
ఆగస్టు.

అశోక్,

ఇప్పుడు చెబుతాను విను.

జూన్‌లో తొలి వాన పడిన రోజు పరవాడలో పెళ్ళికి వెళ్ళి తిరిగి వస్తున్నాం. మా సొంత కారే. పాప నా ఒళ్ళో నిద్రపోతోంది. రోడ్డు మీద పల్లంలో నీళ్ళు నిలిచి కనిపించాయి. ఎవరైనా అక్కడ నెమ్మది చేస్తారు. మీ బావ ఇంకాస్త తొక్కారు. "సూడు, నీళ్ళ మీద కారు ఎలగెల్తాదో సూడు" అన్నారు. అది వెళ్ళింది. మొత్తం వెనక్కి తిరిగి, మా వెనకే వస్తున్న బొగ్గు లారీకి ముఖం పెట్టి ఆగింది. లారీవాడు పుణ్యాత్ముడు, పక్కకి తిప్పేశాడు.

నన్ను భయపెట్టింది లారీ కాదు. మీ బావ ముఖం. అందులో భయం లేదు. మనిషి సంతోషంగా ఉన్నారు. పాప లేచి ఏడుస్తోంది, ఆయన ఇంకా నవ్వు ఆపుకోలేకపోతున్నారు. ఎండలో రేసు ఆయన బుర్ర పెట్టి చేస్తారు, వానొస్తే ఆ బుర్ర ఉండదు. ఆ రోజే నాకు అర్థమైంది.

ఇంటికొచ్చాక పాప తల మీద చెయ్యి పెట్టించాను. వానలో రేసు చెయ్యనని ఒట్టు వెయ్యమన్నాను. అంత మాట ఇవ్వలేదు. చేపల బజారులో బేరంలాగా అటూ ఇటూ లాగి, చివరికి "వాన టైర్లు నేకండా వాన్లో దిగను" అన్న దగ్గర ఆగారు. ఆ మాట మాత్రం ఒట్టేసి చెప్పారు.

నువ్వు ఆయన్ని ట్రాకు మీదే చూశావు. నేను ఇంట్లో చూస్తున్నాను. పాప మీద వేసిన ఒట్టు తప్పరు. నువ్వు టైర్లు లేవంటే చాలు, నా మనిషి నాకు మిగులుతారు. గొడుగు లాక్కోవడం కాదురా, గుమ్మంలోనే ఆపడం.

అక్క

*

శ్రీపెరంబుదూర్,
సెప్టెంబరు.

అక్కా,

టైర్లు వచ్చాయి. నాలుగూ షెడ్డులో నీడన పెట్టాను. గోరు గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగింది, గీత పడి మెల్లగా మూసుకుంది. తారీఖు ఈ ఏడాదిదే. ఇంత మంచి రబ్బరు నా చేతిలో పడటం ఇదే మొదలు. వాటిని చూస్తూ నీ ఉత్తరం మళ్ళీ చదివాను.

నాకు ఆ పరవాడ సంగతి తెలియదు. బావ చెప్పలేదు. చెప్పి ఉంటే నేనే రెండు పీకేవాణ్ణి.

సరే, నువ్వు గెలిచావు. ఓడ ఆలస్యమైందని, టైర్లు రేసు దాటాకే వస్తాయని బావకి ఫోన్‌లో చెప్పాను. పోర్టు ఊళ్ళో పుట్టిన మనిషి కదా, ఓడ ఆలస్యమంటే మారు మాట లేకుండా నమ్మేశాడు. "వానొస్తే కూకుంతాన్లే బావా" అన్నాడు.

ఒక్క మాట. ఒట్టు మీద నీకున్నంత నమ్మకం నాకు లేదు. అందుకని టైర్లు వ్యాను వెనక తొట్టిలో వేసుకుని, మీద బరకం కప్పి ట్రాకుకి తీసుకెళతాను. బావ ఒట్టు తీసి గట్టున పెట్టి దిగబోతే, అప్పుడు బరకం తీసి నేనే బిగిస్తాను. తిట్టినా సరే. ఆగితే అవి ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

అశోక్

*

గాజువాక,
నవంబరు.

అశోక్,

మీ బావా కెన్నీ ఇద్దరూ ఈ సాయంత్రం రైలెక్కారు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి రేసు అయిపోతుంది, అయినా రాస్తున్నాను. మనసు తేలిగ్గా ఉంది.

పుష్పకుమారి గారు హాస్పిటల్లో డ్యూటీ దిగి యూనిఫారం మార్చుకోకుండానే వచ్చారు. కెన్నీ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మీ బావ పేరు కూడా చేర్చారు. వెళ్ళాక ఇద్దరం అరుగు మీద కూచున్నాం. నేను ఒట్టు సంగతి చెప్పి, కెన్నీ చేత కూడా ఒకటి వేయించాల్సింది కదా అన్నాను. ఆవిడ నవ్వి, "మేం ఒట్లు పెట్టమమ్మా. దేవుడికి అప్పజెప్పడమే" అన్నారు. టైర్లున్న సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఆగింది.

మీ బావ వెళుతూ వెళుతూ నాకు మాత్రం వినపడేలా "వానొస్తే మాత్రం నీ మొగుడు ప్రేక్షకుడే" అని ఎగతాళి చేశారు. చెయ్యనీ. వాన రావాలనే నాకుంది.

అక్క

*

శ్రీపెరంబుదూర్,
నవంబరు.

అక్కా,

బావ ఫోన్‌లో నీకు సగం చెప్పాడు. మిగతా సగం ఆయనకి తెలియదు.

శనివారం ఎండ. ఆదివారం మధ్యాహ్నం రేసుకి కాస్త ముందు వాన దంచింది. అందరూ టైర్లు మారుస్తున్నారు. బావ ఆకాశం చూశాడు, తన టైర్లు చూశాడు, గ్లౌజులు విప్పేశాడు. "పాప తల మీద సెయ్యేసి సెప్పినాను బావా. నానెల్ను" అన్నాడు. అంతే. గొణుగుడు లేదు, మొహం చిన్నబుచ్చుకోవడం లేదు. అక్క చెప్పింది నిజమే అనుకున్నాను. నీకున్నంత నమ్మకం నాకెందుకు లేకపోయిందా అని సిగ్గేసింది కూడా.

అప్పుడు కెన్నీ వచ్చాడు. తడిసి ముద్దయి ఉన్నాడు. "అన్నా, ఎవల దగ్గరైనా వాన టైర్లు మిగిలినాయేటి? పాతవైనా పర్లేదు" అని అడిగాడు. బావ నా భుజం మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు. వ్యాను వాడి వెనకే ఉంది. ఉన్నాయంటే బావకి తెలిసిపోతుంది, తెలిస్తే ఆయనే దిగుతాడు. పోనీ బావని ఏదో పని మీద అటు పంపి, ఆ తర్వాత వాడికి ఇవ్వొచ్చునని ఇప్పుడు తోస్తోంది. అప్పుడు తోచలేదు. "లేవురా" అన్నాను.

బావ వాణ్ణి ఆపబోయాడు. వద్దురా, ఈ టైర్లతో వద్దు, నాతో పాటు కూర్చో అన్నాడు. వాడు నవ్వి "నాకెవులూ ఒట్టెట్టనేదు శంకరన్నా" అని హెల్మెట్ పెట్టుకున్నాడు.

మూడో రౌండులో కుడివైపు తిరిగే వేగమైన మలుపులో నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాడి కారు తిరగలేదు. తిన్నగా వెళ్ళి గోడకి కొట్టింది. బావ ఆ మలుపు కంచె దగ్గరే నిలబడి చూస్తున్నాడు కాబట్టి అందరికంటే ముందు చేరాడు. కాలు నలిగిపోయి రక్తం కారిపోతుంటే తన బెల్టు తీసి తొడకి బిగించాడు. ఆ కట్టే ప్రాణం నిలిపిందని డాక్టర్లు అన్నారు. కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

వాడికి ఇరవై నాలుగేళ్ళు, అక్కా.

చీకటి పడ్డాక వ్యాను కోసం ట్రాకుకి వెళ్ళాను. బరకం మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. అది తీసి చూసే ధైర్యం లేకపోయింది.

అశోక్

*

గాజువాక,
నవంబరు.

అశోక్,

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివాను. తలనొప్పని చెప్పి కౌంటర్ మూసేసి, వెనక సంచుల గదిలో కూచున్నాను. ఏడ్చానో లేదో గుర్తు లేదు.

పోయిన వారం కెన్నీని ఇంటికి తెచ్చారు. అంబులెన్సు మా గుమ్మం ముందే ఆగింది. మీ బావ వాణ్ణి చేతుల మీద లోపలికి మోశారు. నేను ద్వారం దగ్గరే నిలబడ్డాను. పుష్పకుమారి గారు తిన్నగా నా దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "నీ మొగుడు దిగకపోబట్టి నా కొడుకు బతికినాడమ్మా. నీ ఒట్టే నా బిడ్డని కాసింది" అన్నారు. ఆవిడ చేతులు వెచ్చగా ఉన్నాయి. నావి లాక్కోవాలనిపించింది, లాక్కోలేదు.

అక్కడితో అయిపోలేదు. ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పారట. పక్కింటి హిమబిందు వల్ల నా కొడుకు ప్రాణం దక్కింది అని అందరి ముందూ నా పేరు చెప్పారట. వచ్చే నెల ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన కూటం పెడతారట. నేను ముందు వరసలో కూర్చోవాలట.

బజారులో ముక్కూ మొహం తెలియనివాళ్ళు నాకు నమస్కారం పెడుతున్నారు. ఆ నమస్కారం మోయలేకపోతున్నాను. ఆవిడ కొడుకు కాలు పెట్టి నేను మొగుణ్ణి కొనుక్కున్నాను. ఇది ఎవరికీ చెప్పకుండా బతకగలనా? చెబితే ఆవిడకి మిగిలిన ఆ కాస్త ఓదార్పూ పోతుంది. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు?

అక్క

*

శ్రీపెరంబుదూర్,
డిసెంబరు.

అక్కా,

చెప్పకు. చెప్పక తప్పదనుకుంటే నా పేరే చెప్పు. టైర్లు నేను తెచ్చాను, నేను దాచాను అను. అబద్ధం కూడా కాదు. కోరింది నువ్వు కావచ్చు, వాడు అడిగినప్పుడు లేవన్న నోరు నాది.

షెడ్డు తెరుస్తున్నాను గానీ పని సాగడం లేదు. నిన్న కెన్నీ ఫోన్ చేశాడు. తిడతాడేమోనని ఎత్తడానికి భయపడ్డాను. వాడు అడిగిందేమిటో తెలుసా? యాక్సిలరేటరూ బ్రేకూ చేతికి పెట్టి కారు తయారు చెయ్యగలవా అన్నా అని. చూద్దాంరా అన్నాను. వాడికి నా మీద ఏ అనుమానమూ లేదు. అదే తట్టుకోలేకపోతున్నాను.

అశోక్

*

గాజువాక,
డిసెంబరు.

అశోక్,

చెప్పేశాను. నీ ఒక్కడి పేరు కాదు, జరిగింది జరిగినట్టు.

ముందు మీ బావకి చెప్పాను. భోజనం దగ్గర. కంచం ముందు నుంచి లేవలేదు, తినలేదు. అరుస్తారని చూశాను, అరిచి ఉంటే బాగుండేది. కంచం పక్కకి జరిపి, "నాను ఒట్టు తప్పుతానని భయపడి సెయ్యనేదు నువ్వు. తప్పనని నమ్మి సేసినావు" అన్నారు. ఆ తర్వాత రెండ్రోజులు పాపతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోనాడు, కూటం కాకముందే ఆవిడకి చెప్పు, నీ బదులు నేను చెప్పను అన్నారు.

నిన్న మధ్యాహ్నం వెళ్ళాను. కెన్నీ లోపల గదిలో నిద్రపోతున్నాడు. పుష్పకుమారి గారు వసారాలో కూచుని, వాడి కాలికి కట్టే సాగుడు బట్ట ఉతికి ఆరేసింది చుట్ట చుడుతున్నారు. నేను నిలబడే మొదలుపెట్టాను. నీకు రాసిన మొదటి ఉత్తరం దగ్గర నుంచి, ఓడ ఆలస్యం, బరకం, వ్యాను, కెన్నీ అడగడం, నువ్వు లేవనడం, అన్నీ చెప్పాను. ఎక్కడా తమ్ముడు చిన్నవాడని గానీ, నాకు భయమేసిందని గానీ అనలేదు. ఆవిడ చేతులు మాత్రం ఆగలేదు. చుట్ట పూర్తయింది. మళ్ళీ విప్పి మళ్ళీ చుట్టారు.

తల ఎత్తకుండానే అన్నారు. "వానొస్తే ఈడు దిగుతాడని నాకూ తెలుసమ్మా. కన్నదాన్ని, తెలవదేటి? ఒక్క అబద్దమాడితే ఆగిపోయేవోడు. నాకు ఒంట్లో బాగునేదు, ఎల్లకురా అంటే ఆగిపోయేవోడు. నీకు తోచింది. నాకు తోచనేదు."

ఆవిడ నన్ను తిట్టడానికి ఆ మాట అనలేదురా. తనని తాను తిట్టుకుంటున్నారు. నేను అక్కడే నేల మీద కూచున్నాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఆ మాట ఆ వసారాలో చాలా చిన్నదిగా అనిపించి అడగలేదు. లోపల కెన్నీ నిద్రలో మూలిగాడు. పోయిన పాదం ఇంకా ఉన్నట్టు నొప్పి పెడుతుందట వాడికి.

చివరికి ఆవిడ లేచి నిలబడ్డారు. కూటం పెట్టడం లేదని చెప్పారు. మీ బావకి మాత్రం బతికినంత కాలం రుణపడి ఉంటానన్నారు. నన్ను కొన్నాళ్ళు రావద్దన్నారు. ఎన్నాళ్ళని అడగలేదు. గుమ్మం దాటబోతుంటే వెనక్కి పిలిచారు. గొంతులో కోపం లేదు. డ్యూటీలో పేషెంటు తాలూకు మనిషికి మందులు చెప్పినట్టుగా చెప్పారు.

"కెన్నీకి నాను సెప్పను. నువ్వూ సెప్పొద్దు. అడిగినోడు నా కొడుకు, నేవన్నోడు నీ తమ్ముడు. ఆడొచ్చి, నా కొడుకు మొకం సూసి సెప్పాల."

కెన్నీ ఇవాళ పొద్దున్న కూడా కిటికీలోంచి నన్ను పిలిచి, అశోకన్న ఎప్పుడొస్తాడు, కారు సంగతి మాట్లాడాలి అన్నాడు. వస్తాడని చెప్పాను. ఈసారి నాచేత అబద్ధమాడించకు.

దీనికి జవాబు రాయకు. రైలెక్కి రా.

అక్క